గుండెమంట – విద్యార్థుల దినచర్య



మన పాఠశాలలో చదువు ముగించుకొని యేటేట ననేకులు కళాశాలలకును, విశ్వవిద్యాలయములకును పోవుచున్నారు. పోవునపుడు తల్లిదండ్రులు పెట్టెలో పుస్తకములు, వస్త్రములు, ఆవకాయ జాడీ సర్ది పంపుదురు. కాని వేళకు భోజనము పెట్టి, వేళకు నిద్రపుచ్చిన యింటి నియమము మాత్రము పెట్టెలో పట్టదు. అది యింటియొద్దనే మిగిలిపోవును. వసతిగృహమున చేరిన కొన్ని నెలలకే పలువురు రొమ్ములో మంటయనియు, పులిత్రేన్పులనియు, గొంతులోనికి పుల్లని నీరు ఎగదన్నుచున్నదనియు చెప్పుకొనుటకు చాలవఱకు కారణ మిదియే. ఆ మంట యెట్లు పుట్టునో, దానికిని మన దినచర్యకును గల సంబంధ మెట్టిదో, దాని నెట్లు నివారించుకొనవచ్చునో యీ వ్యాసమున వివరింపదలచితిని.

ఇది నేను గ్రంథములలో చదివిన సంగతి మాత్రమే కాదు. నేను విశ్వవిద్యాలయమున రెండవ సంవత్సరము చదువుచుండగా, పరీక్షకు ముందటి రాత్రి పదకొండు గంటలకు మిత్రులతో కూడి వీథి చివరి యంగడిలో పరోటాలును, నూనె తేలుచున్న మసాలాకూరయు కడుపునిండ తింటిని. వచ్చి మంచముమీద వెల్లకిల పండుకొని, పుస్తకము రొమ్ముపై పెట్టుకొని చదువుచు నిద్రపోయితిని. రెండు గంటల వేళ రొమ్ముటెముక వెనుక నిప్పుకణిక పెట్టినట్లయి మెలకువ వచ్చెను. ఒడలెల్ల భయముచే వణకెను. గుండెజబ్బే వచ్చినదని తలంచి, ప్రక్కగది మిత్రుని లేపితిని. అతడు నన్ను ఆసుపత్రికి గొనిపోయెను.

అచ్చటి వైద్యుడు వృద్ధుడు. ఆయన ఇ.సి.జి. తీయించి, "నాయనా, నీ గుండెకు దోషము లేదు" అని చెప్పెను. పిమ్మట మందు వ్రాయక మునుపే ప్రశ్నింప మొదలిడెను. "రాత్రి యెన్ని గంటలకు భుజించితివి? భుజించిన యెంతసేపటికి పండుకొంటివి? ఉదయమున నేమైన తింటివా? దినమునకు తేనీ రెన్ని మారులు త్రాగుదువు?" నేను చెప్పిన ప్రత్యుత్తరములు విని ఆయన చిఱునవ్వు నవ్వి, "రోగము నీ కడుపులో కంటె నీ గడియారములో నెక్కువగ నున్నది" అనెను. అంతకుముందు నాలుగు నెలలనుండి నేను మందుల కొట్టులో దొరకు మాత్రలను మ్రింగుచుంటిని. అంతకాలము అట్టి ప్రశ్న నన్నెవ్వరు నడుగలేదు. నన్ను నేనును అడుగుకొనలేదు. మఱునాటి పరీక్షలో సగము ప్రశ్నలకే ప్రత్యుత్తరములు వ్రాయగలిగితిని.

అన్నము పోవు త్రోవ

మనము నమలి మ్రింగిన ముద్ద గొంతునుండి ఆహారనాళములోనికి దిగును. పెద్దవారిలో నీ నాళము సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండును. ఇది రొమ్ముటెముక వెనుకగా దిగి, రొమ్మును ఉదరమును వేరుచేయు ఉదరవితానమను కండరపు తెరలోని రంధ్రముగుండ పోయి, జఠరముతో కలియును. ఆ కలియుచోట నాళపు కండరము ముడివలె బిగిసి యుండును. దీనికి సంవరణి యని పేరు. ఉదరవితానముకూడ వెలుపలనుండి దానిని పట్టి బిగించుచుండును. ముద్ద వచ్చునపుడు సంవరణి వదులై త్రోవ యిచ్చి, వెంటనే మూసికొనును. శవపరీక్షలలో నిచ్చట ప్రత్యేకమైన కవాట మేదియు కంటికి కనబడకుండుటచే, దీని యునికిని గూర్చి పూర్వపు వైద్యులు వాదులాడుచుండిరి. 1956లో అమెరికాలో ఫైక్, కోడ్, ష్లెగెల్ అను వైద్యులు ఆరోగ్యవంతులలో నీ స్థలమునందలి పీడనమును కొలిచి, ఆ ద్వారము నిజముగ నున్నదని చూపిరి.

ద్వారమునకు క్రింద జఠరము. జఠరరసములో నున్న యామ్లము హైడ్రోక్లోరికామ్లమేయని ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం ప్రౌట్ 1824లో ప్రకటించెను. రసాయనశాలలో జాగ్రత్తతో ముట్టుకొను నా యామ్లమే మన కడుపులో నిత్యము ఊరుచున్నది. అది మన శత్రువు కాదు. మాంసకృత్తులను జీర్ణింపజేయుటకును, అన్నముతో వచ్చు సూక్ష్మజీవులను చంపుటకును అది యావశ్యకము. జఠరపు లోపలి గోడను దళసరియైన శ్లేష్మపుపొర కాపాడుచుండును. ఆహారనాళమునకట్టి కవచము లేదు. ఆవకాయ నాలుకకు రుచి. అదే కంటిలో పడెనా, ఆ బాధ చెప్పనలవి కాదు. ఉండవలసినచోట నున్న యామ్లము మేలు చేయును. త్రోవ తప్పి పైకి వచ్చిన యామ్లము కాల్చును. ఆహారనాళము గుండెకు వెనుకనే యుండుటచే, ఆ మంట గుండెలోనిదే యని తోచును. గుండెమంట యను పే రట్లు వచ్చినది.

ఈ బాధ మనవారికి క్రొత్తది కాదు. మాధవనిదానమను ఆయుర్వేద గ్రంథమున ఆమ్లపిత్తమునకు ప్రత్యేకమైన యధ్యాయము కలదు. పైకి పోవునది, క్రిందికి పోవునది యని దానిని రెండు విధములుగ విభజించిరి. పాశ్చాత్య వైద్యములో జఠరరసముచే ఆహారనాళము పుండగుటను 1935లో వింకెల్‌స్టైన్ అను అమెరికా వైద్యుడు ప్రత్యేక వ్యాధిగ వర్ణించెను. అయితే పెండ్లిభోజనము చేసిననాడు ఒకసారి త్రేన్పు పుల్లగ వచ్చినంతమాత్రమున వ్యాధి యనరాదు. అట్టిది అందఱకును వచ్చును. 2006లో పలుదేశముల వైద్యులు అంగీకరించిన నిర్ణయము ప్రకారము, జఠరములోనిది పైకి వచ్చుటచే మనుష్యునకు బాధయైనను, ఉపద్రవములైనను కలిగినపుడే యది రిఫ్లక్స్ వ్యాధి. స్వల్పమైన మంటయైనను వారమునకు రెండు దినములు గాని యంతకంటె నెక్కువ గాని వచ్చుచున్నచో దానిని లెక్కింపవలసినదే.

సీసా ప్రయోగము

తరగతిలో నెవరైనను చేయదగిన ప్రయోగ మొకటి చెప్పెదను. పలుచని ప్లాస్టిక్ నీటిసీసాలో సగమువఱకు రంగునీరు పోసి, మూతికి దూదియుండను వదులుగ పెట్టుడు. సీసాను నిలువబెట్టినపుడు దూది పొడిగనే యుండును. దానిని పరుండబెట్టుడు: రంగునీరు దూదిని తడిపి బొట్లుబొట్లుగ కారును. తరువాత సీసాను మరల నిలువబెట్టి, అంచువఱకు నీరు నింపి, నడుముచోట చేతితో నొక్కుడు: నిలిచియున్నను నీరు పైకి చిమ్మును. దూది సంవరణి, నీరు జఠరములోని యన్నరసము, చేయి బిగుతైన నడికట్టు లేక పెరిగిన పొట్ట. శయనము, పరిమాణము, ఒత్తిడి అను మూడు కారణములును ఇందు కంటికి కనబడుచున్నవి.

సీసా చూపలేని సంగతి యొకటి కలదు. మన సంవరణి దూదివలె జడమైనది కాదు. మ్రింగకున్నను అప్పుడప్పుడు అది తనంతట తాను కొన్ని సెకనులపాటు వదులగును. 1980 ప్రాంతమున జాన్ డెంట్ మొదలగు పరిశోధకులు దీనిని కనుగొనిరి. జఠరములో చేరిన వాయువు త్రేన్పుగ వెలికిపోవుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది. జఠర మెంతగా సాగిన, సంవరణి యంత తఱచుగ వదులగును. కావున కంఠమువఱకు తిని, అన్నము మ్రింగినట్లుండుటలేదని పైన సోడా త్రాగువాడు తన యింటితలుపు తానే తీసిపెట్టుకొనుచున్నాడు.

మెలకువగ నున్నపుడు పైకి వచ్చిన కొంచెపు యామ్లమును మనము మాటిమాటికి మ్రింగు లాలాజలము కడిగివేయును. క్షారగుణ మింతయో యంతయో కలదగుటచే దాని పులుపునుకూడ తగ్గించును. నిద్రలో లాలాజల మూరుట మిగుల తగ్గును, మ్రింగుటయు అరుదు. పగలు నిమిషములలో తొలగిపోవు ఆమ్లము రాత్రి చాలసేపు నిలిచి పుండుచేయుట కిదియే కారణము.

వసతిగృహములో నొక దినము

ఇక విద్యార్థి దినమును పరిశీలింతము. రాత్రి ఆలస్యముగ పరుండుటచే ఉదయ మాలస్యముగ లేచును. ఫలహారపు వేళ దాటిపోవును. కాళీకడుపున ఒక కప్పు తేనీరు త్రాగి తరగతికి పరుగెత్తును. మధ్యాహ్నము ఆకలిచే కనులు తిరుగుచుండగా పది నిమిషములలో రెండింతలన్నము మ్రింగును. సాయంకాలము మిరపకాయ బజ్జీలు, శీతలపానీయము. కడుపు బరువుగ నుండుటచే ఎనిమిది గంటలకు భోజనశాల గంట మ్రోగినను పోడు. పదకొండు గంటలకు ఆకలి మరల లేచును. అప్పటికి దొరకునది నూనెలో వేగినదే. చదువుకొఱకు మఱి రెండు కప్పుల తేనీరు. ఒంటిగంటకు ఫోను చేతబట్టుకొని శయనము.

ఈ దినచర్యలో గొప్ప దోషము భోజనమునకును శయనమునకును నడుమ వ్యవధి లేకుండుట. అన్నము జఠరమున నెంతసేపుండును? 1822లో అమెరికాలోని మాకినా ద్వీపమున సెంట్ మార్టిన్ అను పనివానికి తుపాకి దెబ్బ తగిలి కడుపునకు గాయమయ్యెను. అతడు బ్రదికెను గాని గాయముచోట జఠరములోనికి రంధ్రము మిగిలిపోయెను. సైనికవైద్యుడు విలియం బోమాంట్ ఆహారపు తునుకలను పట్టుదారమునకు కట్టి యా రంధ్రముగుండ దింపి, అవి కరగు విధమును గడియారము చూచి వ్రాసికొని, 1833లో గ్రంథముగ ప్రకటించెను. మాంసమును రొట్టెయు గల మితభోజనము జఠరమును విడుచుటకు మూడు మొదలు మూడున్నర గంటలు పట్టునని యాయన తేల్చెను. అమితభోజనమునకును, క్రొవ్వు పదార్థములకును అంతకంటె నెక్కువ కాలము పట్టును. జపానులోని ఒసాకా వైద్యులు 2005లో ప్రకటించిన పరిశీలనములో, భుజించిన మూడు గంటలలోపల పరుండువారికి, నాలుగు గంటలు గాని యంతకెక్కువ గాని ఆగువారికంటె ఈ వ్యాధి సంభావ్యత సుమారు ఏడు రెట్లుగ కనబడెను. దూరదేశములలో వేర్వేరు కాలములందు చేసిన యీ రెండు పనులును మన పెద్దలు ప్రొద్దుగ్రుంకకముందే తినుమని చెప్పు మాటకు సాక్ష్య మిచ్చుచున్నవి.

రెండవ దోషము నిద్రలేమి. 2007లో అమెరికాలో ప్రకటింపబడిన యొక ప్రయోగమున, ఆహారనాళము పుండైన రోగులను ఒక రాత్రి మూడు గంటలకు మించకుండ నిద్రింపజేసి, మఱొక రాత్రి ఏడు గంటలైనను నిద్రింపనిచ్చి, పిమ్మట నాళములోనికి కొంచె మామ్లమును జార్చి చూచిరి. నిద్ర చాలనినాడు వారికి మంట త్వరగా తెలియవచ్చెను, అధికముగను తోచెను. మంటచే నిద్రచెడును; నిద్రచెడుటచే మంట పెరుగును. పరీక్షల దినములలో విద్యార్థి యీ రెంటి నడుమ గానుగెద్దువలె తిరుగుచుండును.

తక్కినవానిని సంగ్రహముగ చెప్పెదను. పొగాకు సంవరణిని సడలించును, లాలాజలమును తగ్గించును. మద్యమును అట్టిదే. తేనీరు, కాఫీ కొందఱకు సరిపడును, కొందఱకు సరిపడవు. మిరపకారము విషయమునను అంతే: అది కొందఱలో మంటను రేపును, కొందఱ నేమియు చేయదు. తనకు పడనిదేదో యెవరికి వారు వారముపాటు చిట్టా వ్రాసికొని తెలిసికొనవలెను గాని, పొరుగువానిని చూచి ఆవకాయను మానవలసిన పనిలేదు. తలనొప్పికి వేసికొను నొప్పిమాత్రలలో ననేకము జఠరమును, నాళమును గాయపఱచును. చదువుటకు తలనొప్పి యడ్డమని వానిని నిత్యము వాడుట కొండనాలుకకు మందువేయ నున్న నాలుక యూడిన సామెతయగును.

నివారణోపాయములు

మొదటి నియమము: రాత్రి భోజనమునకును శయనమునకును నడుమ మూడు గంటలైన నుండవలెను. పది గంటలకు పరుండువాడు ఏడు గంటలకు భుజించవలెను. పరీక్షలవలన ఒంటిగంటవఱకు మేల్కొనవలసివచ్చినను భోజన మెనిమిదింటికే ముగించి, పదింటికి ఆకలియైనచో నొక అరటిపండుతోనో, రెండిడ్డెనలతోనో తృప్తిపడవలెను. భుజించిన వెంటనే కూర్చున్నచోటనే వ్రాలక, వసతిగృహము చుట్టును మెల్లగ నడచుట మేలు.

రెండవది: ఉదయపు ఫలహారమును మానరాదు. ఒకమారు రెండింతలు తినుటకంటె, అదే యన్నమును మూడు నాలుగు మారులుగ పంచుకొని నెమ్మదిగ నమలి తినవలెను. లంఖణము పరమౌషధమని కొందఱు పగలెల్ల పస్తుండి రాత్రి విందు చేయుదురు. అది లంఖణమును గాదు, ఔషధమును గాదు.

మూడవది శయనవిధానము. ఎడమప్రక్కకు తిరిగి పరుండినచో జఠరము నాళపు మొదలుకంటె దిగువగ నుండును. ఆమ్లము పైకి ప్రాకదు. రాత్రివేళ మంట వచ్చువారు మంచపు తలవైపు కోళ్లక్రింద ఇటుకలు పెట్టి 15 మొదలు 20 సెంటీమీటర్లు ఎత్తుచేయవలెను. తలగడలు మాత్రము రెండు మూడు పేర్చిన ప్రయోజనము లేదు. నడుము వంగి కడుపు నొక్కుకొనును.

నాలుగవది శరీరపు బరువు, వ్యాయామము. అమెరికాలో సుమారు 43 వేల మంది స్త్రీ నర్సులను పలుయేండ్లు పరిశీలించి 2021లో ప్రకటించిన ఫలితము తెలియదగినది. తగిన బరువు, పొగత్రాగకుండుట, దినమునకు అరగంట వ్యాయామము, కాఫీ తేనీరు సోడాలు రెండు కప్పులకు మించకుండుట, మంచి యాహారము అను నైదింటిని పాటించినచో గుండెమంటలలో నూటికి 37 వంతులు నివారింపబడియుండెడివని వారు లెక్కగట్టిరి. వా రందఱును నడివయస్సు స్త్రీలు, విద్యార్థులు గారు. ఆ లెక్క మన కక్షరాల వర్తింపకపోవచ్చును. అయినను త్రోవ యే దిక్కుననున్నదో అది చూపుచున్నది.

నేను చేసినది చెప్పెదను. ఆ వృద్ధవైద్యుడు వ్రాసిన మందును చెప్పినన్ని వారములు వాడితిని. ఏడున్నరకే భోజనశాలకు పోవుట నేర్చుకొంటిని. సాయంకాలము దాటిన పిమ్మట తేనీరు మానితిని. మంచముక్రింద నాలు గిటుకలు పెట్టినపుడు మిత్రులు, "పల్లకియా, మంచమా?" అని పరిహసించిరి. నెల తిరుగకమున్నే రాత్రి మెలకువలు తగ్గెను. పరిహసించినవారిలో ఇద్దఱు తమకును ఇటుకలు తెప్పింపుమని అడిగిరి. నేటికిని నేను నియమము తప్పి ఆలస్యముగ తిన్ననాడు ఆ పాత మంట నన్ను పలుకరించుచునే యుండును.

మాత్రల మాట

ఆమ్లమును విఱుచు మాత్రలు, ద్రవములు కొంతసేపు శాంతి నిచ్చును. 1988 మొదలు వాడుకలోనికి వచ్చిన ఒమెప్రజోల్, దాని వర్గమునకు చెందిన ప్యాంటోప్రజోల్ మొదలగునవి ఆమ్ల మూరుటనే తగ్గించును. పుండు మానుటకు ఇవి మేలైన మందులు. వానిని సాధారణముగ భోజనమునకు అరగంట ముందు వేసికొనవలెను. అయితే అవి యామ్లమును తగ్గించునే గాని ద్వారమును మూయవు. ఉదయము మాత్ర, రాత్రి పరోటా యని నెలల తరబడి గడుపువాడు కప్పు కారుచుండగా క్రింద గిన్నె పెట్టుకొని కూర్చుండినవానివంటివాడు. వ్యాధి చిరకాలము నిలిచినచో నాళము పుండై, మాని, మచ్చకట్టి యిరుకగును. కొందఱిలో నాళపు లోపలిపొర స్వభావమే మారును. 1950లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ వ్రాసిన వ్యాసమువలన ఆ మార్పున కాయన పేరు వచ్చినది. వారిలో స్వల్పసంఖ్యాకులకు అది కాలక్రమమున పుట్టకుఱుపుగ పరిణమింపవచ్చును. ఇది మిమ్ము భయపెట్టుటకు గాదు. ఇరువదియేండ్ల వయస్సున దిద్దుకొన సులభమైనదానిని ఏబదియేండ్లవఱకు మోయవలదని చెప్పుటకు.

ఉపేక్షింపరాని లక్షణములు

ముద్ద దిగకుండుట, మ్రింగునపుడు నొప్పి, రక్తపు వాంతి, తారువలె నల్లని మలము, కారణములేక బరువు తగ్గుట, రక్తహీనత – వీనిలో నేది కనబడినను తడవు చేయక వైద్యునియొద్దకు పోవలెను. రొమ్మునొప్పి యెడమచేతికిగాని దవడకుగాని ప్రాకినను, చెమటలుపట్టి ఊపిరాడకున్నను, దానిని గుండెమంటయని తలంచి మాత్ర మ్రింగి కూర్చుండక, తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను. నాకు గుండె నిర్దోషియని తేలినది వైద్యుడు పరీక్షించిన పిమ్మటనే గదా!

చిన్నవారలారా! రాబోవు సంవత్సరములలో మీరును ఇల్లు విడిచి పోవుదురు. అచ్చట మిమ్ము వేళకు రమ్మని పిలుచువా రుండరు. భోజనశాల గంట యొకటే యుండును. మొదటి వారముననే ఆ గంటకు లేచిపోవు నలవాటు చేసికొనుడు. ఆవకాయ జాడీని నిర్భయముగ తీసికొనిపొండు. దానితోడనే అమ్మ పెట్టిన భోజనవేళనుకూడ తీసికొనిపొండు.